బోణీకి తీర్థం

రోజూ గుళ్ళో తీర్థం పుచ్చుకునే గృహస్థుణ్ణి. ఒక చుక్క నీళ్ళలో ఏమేం కలిసి ఉన్నాయో పైనున్న భగవంతుడు కాక మనిషెవడైనా చెప్పగలడా అని నాకు చాలా ఏళ్ళుగా సందేహం. మొన్న శ్రీకాకుళం నీటి పరీక్షల లేబ్‌లో మంత్రి నరసింగరావుగారు దాన్ని తీర్చేశారు.

"అత్యంత అధునాతనమైన మాస్ స్పెక్ట్రోమీటర్‌ను ఈ జిల్లా ప్రజల పాదాల చెంత పెడుతున్నాను!" అని ప్రకటించి, ఆయన మిషన్ ముందే గుమ్మడికాయ కొట్టబోయారు. లేబ్ అధికారిణి శైలజగారు అడ్డుపడి బయట మెట్ల మీద కొట్టించారు.

మిషన్ సంగతి ఆవిడే విడమరిచి చెప్పారు. నీళ్ళలో కలిసినవాటిని ఆవిరి చేసి వెంట్రుకలాంటి సన్నని నాళంలోకి పంపుతారట. శివరాత్రినాడు శ్రీముఖలింగం క్యూలోకి అందరూ కలిసే వెళ్ళినా, కుర్రాళ్ళు ముందూ మోకాళ్ళ నొప్పులవాళ్ళు వెనకా బయటపడరూ? అలాగే ఒక్కో పదార్థం ఒక్కోసారి బయటికొస్తుంది. మిషన్ దాన్ని ముక్కలు చేసి, ముక్కల బరువు చూసి, పేరు చెప్పేస్తుంది. చెరువులో చిటికెడు కలిపినా పట్టేస్తుందట.

అప్పుడే చేపలమ్మే కూర్మమ్మ ఒక సీసాలో వాగు నీళ్ళు పట్టుకుని వచ్చింది.

"బాబూ, మా గెడ్డ నీళ్ళివి. మందుల కంపెనీవోళ్ళు గొట్టం ఎట్టినకాణ్ణించీ సేపలు వాసనేస్తన్నాయి. ఎవులూ కొంతనేదు. ఏటి కలిసిందో సూసి ఆ గొట్టం మూయించండి."

మంత్రిగారు చలించిపోయారు. "తప్పకుండా చూద్దామమ్మా. కానీ కొత్త మిషన్ కదా, కంపునీళ్ళతో బోణీయా?"

ఆ మాట మా అందరికీ సబబుగానే తోచింది. మా వీధి కొట్టువాడైనా తొలిబేరానికి చీపురు అమ్మడు.

పి.ఏ. హరిబాబు కారేసుకుని వెళ్ళి, అదే గెడ్డ ఒడ్డునున్న శివాలయం నుంచి తీర్థం తెచ్చాడు. ముందు మంత్రిగారు, తర్వాత మేమందరం కళ్ళకద్దుకుని పుచ్చుకున్నాం. మిగిలింది మిషన్‌కి పోశారు.

తెర మీద పచ్చకర్పూరం పేరుతో ఒక గీత లేచింది. చప్పట్లు. తులసి లేచింది. చప్పట్లు. ఆ పక్కనే గోపురమంత ఎత్తున ఇంకోటి లేచింది. ఇంకా గట్టిగా కొట్టాం.

"సర్, అది టోలుయీన్. మందుల తయారీలో వాడే ద్రావకం," అన్నారు శైలజగారు.

"తీర్థంలోనా?"

"గుడి నుయ్యి గెడ్డ పక్కనే కద సర్."

హాల్లో అందరూ గొంతులు తడుముకున్నారు. మంత్రిగారు మాత్రం తడుముకోలేదు.

"దేని తయారీలో అన్నావమ్మా?"

"మందుల..."

"విన్నారుగా! స్వామివారి తీర్థంలో మందుందని సైన్సే ఒప్పుకుంది!"

మర్నాటికల్లా గెడ్డ ఒడ్డున జనం క్యాన్లతో బారులు తీరారు. క్యాన్లు కంపెనీవి, వాటి మీద ఫొటో మంత్రిగారిది. ఆయన స్వయంగా వచ్చి 'దివ్యౌషధ ఘట్టం'కు శంకుస్థాపన చేశారు. ఆ గొట్టాన్ని ఎవరూ ముట్టుకోకుండా చుట్టూ కంచె వేయిస్తానని మైకులో మాట ఇచ్చారు.

కూర్మమ్మ గెడ్డలో చెంబు ముంచి తెచ్చింది.

"బాబూ, ఎనకటి ఓట్లప్పుడు మా గుమ్మంలో నిలబడి దాహమన్నారు. ఆ పొద్దు కుండలో సుక్క నేదు. ఒట్టి గొంతుతో ఎల్లిపోనారు. ఆ బాకీ నన్ను పీకతన్నాది. తాగండి."

"ఇప్పుడు దాహం లేదమ్మా."

"మందుకి దాహమేటి బాబూ?"

కెమెరాలు దగ్గరికి జరిగాయి. మంత్రిగారు పక్కనున్న కంపెనీ మేనేజరు ధనరాజు చెవిలో, "ఈ పూట గొట్టం మూయించావా?" అని అడిగారు. ధనరాజు తల అడ్డంగా ఊపాడు. పుణ్యకార్యం మధ్యలో కూడా పరిశ్రమ యోగక్షేమాలు మరవని ఆయన శ్రద్ధకు నాకు ముచ్చటేసింది.

ఆయన చెంబు ఎత్తారు. కూర్మమ్మ అడుగున చెయ్యి పట్టి ఆఖరి చుక్కదాకా తాగించింది. మంత్రిగారి కళ్ళు ఎర్రబడ్డాయి. ధారలుగా నీళ్ళు కారాయి. అంతటి భక్తిని చూసి మేమంతా చప్పట్లు కొట్టాం.

"తీరిపోనాది బాబూ," అంది కూర్మమ్మ, ఖాళీ చెంబు బోర్లించి చూపిస్తూ.