ముచ్చటగా మూడుసార్లు గెలిచిన మా బావమరిది

ప్రతి కుటుంబానికీ ఒక రియాలిటీ షో విజేత ఉండి తీరాలి. ఇంటింటికీ మంచినీళ్ళ కనెక్షన్ ఉండాలంటారు చూడండి, అలాగన్నమాట. నీళ్ళు లేకపోతే పక్కింట్లోంచి ఒక బిందె తెచ్చుకోవచ్చు. విజేతను తెచ్చుకోగలమా?

మా కుటుంబానికి ఆ అదృష్టం ఒకసారి కాదు, ముచ్చటగా మూడుసార్లు పట్టింది. మా ఆవిడ తమ్ముడు, అంటే నా బావమరిది, ‘తాళం’ అనే కార్యక్రమంలో వరుసగా మూడు సీజన్లు గెలిచాడు. వీధిలో వాణ్ణి ఛాంపియన్ అంటారు. నన్ను ఛాంపియన్ గారి బావ అంటారు. ఇరవై ఏళ్ళుగా పత్రికలో రాస్తున్నా రాని పేరు, వాడి అక్కను పెళ్ళాడినందుకు వచ్చింది.

ఆ కార్యక్రమం చూడని దురదృష్టవంతులు ఇంకా ఎవరైనా ఉంటే, వాళ్ళ కోసం రెండు ముక్కలు. ముక్కూ మొహం తెలియని కొంతమందిని ఒక ఇంట్లో పెట్టి బయట తాళం వేస్తారు. లోపల ఏ గోడ చూసినా కెమెరాయే. కనిపించని గొంతు ఒకటి స్పీకర్లోంచి పనులు పురమాయిస్తుంది. ఆ గొంతు పేరు ‘ఇంటాయన’. వారం వారం లోపలివాళ్ళు ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకుంటారు. దాన్ని నామినేషన్ అంటారు. మనం ఫోన్లో ఓట్లు వేసి నచ్చినవాళ్ళను కాపాడతాం. ఓట్లు తగ్గినవాడికి పడే శిక్ష ఏమిటంటే, వాణ్ణి ఇంటికి పంపించేస్తారు. ఇంటికి వెళ్ళకుండా చివరిదాకా ఎవడు మిగిలితే వాడు విజేత.

విజేత కాకముందు మావాడు పరుపుల షాపులో సేల్స్‌మన్. వాడి పనితనం నేను కళ్ళారా చూశాను. ఒక జంట వచ్చింది. ఆవిడకు మెత్తటి పరుపు కావాలి, ఆయనకు గట్టిది కావాలి. మావాడు ఆయన్ని పక్కకు తీసుకెళ్ళి, “పైకి మెత్తగా కనిపిస్తుంది సార్, లోపలంతా గట్టి” అన్నాడు. ఆవిణ్ణి ఇంకో పక్కకు తీసుకెళ్ళి, “పైకి గట్టిగా కనిపిస్తుంది మేడమ్, లోపలంతా మెత్తన” అన్నాడు. పరుపు ఒక్కటే. ఇద్దరూ ఒకరి మీద ఒకరు గెలిచినట్టు నవ్వుకుంటూ వెళ్ళారు. ఇంత ప్రతిభను షాపులో ఎన్నాళ్ళు దాచగలం చెప్పండి?

మొదటి సీజన్ మొత్తం వాడు పరుపులే అమ్మాడు. అలిగినవాళ్ళ దగ్గర కూర్చుని తల ఊపాడు. అలిగేలా చేసినవాళ్ళ దగ్గర కూర్చుని ఇంకాస్త ఊపాడు. ఇద్దరూ వీడు మనవాడే అనుకున్నారు. ఒకరోజు ఎవరో తన దుప్పటి తీసుకున్నారని వెక్కి వెక్కి ఏడ్చాడు.

మా ఆవిడ టీవీ ముందు నిర్ఘాంతపోయింది. “చిన్నప్పుడు మేడ మెట్ల మీంచి దొర్లినా వీడికి కన్నీళ్ళు రాలేదండీ. దుప్పటి కోసం ఏడుస్తున్నాడేమిటి?”

“దుప్పటి కోసం కాదు, మన కోసం” అన్నాను. నిజమే. ఆ వారం మా వీధి వీధంతా ఓటేసింది.

గెలిచి వచ్చాక వాడి వల్ల సొంత ఇంటికి ఎంత మేలు జరిగిందో చెప్పాలి. వాడి భార్య పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు. నాకు చెల్లెలి వరస, నోరు చాలా తక్కువ. ఇద్దరికీ ఒక కూతురు. కుదురుగా ఒకచోట నిలబడదు కాబట్టి అందరం పిట్ట అంటాం. ఒకరోజు చెల్లెమ్మ వంటగదిలోంచి, సింకు కింద నీళ్ళు కారుతున్నాయని చెప్పింది.

మావాడు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. “నీ పాయింట్‌ని గౌరవిస్తున్నాను. కానీ నా జర్నీలో ఈ మాట నన్ను చాలా హర్ట్ చేసింది” అన్నాడు. అదీ చెల్లెమ్మతో కాదు, గోడ పైమూలతో. అక్కడ కెమెరా ఉండాలని వాడి నమ్మకం. ఉన్నది సాలెగూడు.

“జర్నీ సంగతి తర్వాత. ముందు ప్లంబర్‌కి ఫోన్ చెయ్యండి” అంది చెల్లెమ్మ.

ఇదివరకైతే పోట్లాట అయ్యేది. ఇప్పుడు వాడు లేచి వెళ్ళి ఆమెను కౌగిలించుకున్నాడు. ఎంత సంస్కారం! సింకు మాత్రం కారుతూనే ఉంది.

షాపులోనూ అంతే. జనం తండోపతండాలుగా వచ్చారు. వాడి పక్కన పరుపుల మీద పడుకుని సెల్ఫీలు తీసుకున్నారు, చెప్పులతోనే. ఓనరు కొన్నాళ్ళు మురిసిపోయాడు. తర్వాత వాడి భుజం మీద చెయ్యి వేసి, “కొనడానికి ఎవరూ రావట్లేదు, పడుకోవడానికే వస్తున్నారు. నువ్వు మళ్ళీ ఆ ఇంట్లోకే వెళ్ళిపో నాయనా, షాపు బాగుపడుతుంది” అన్నాడు. వాడు వెళ్ళాడు.

రెండో సీజన్లో జరిగింది మీకందరికీ గుర్తుండే ఉంటుంది. కుటుంబసభ్యుల వారం అని ఒకటి పెడతారు. ఇంటాయన ‘ఆగండి’ అనగానే లోపలివాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ బొమ్మల్లా నిలబడిపోవాలి. అప్పుడు తలుపు తెరిచి వాళ్ళవాళ్ళను పంపిస్తారు. ‘కదలండి’ అనేదాకా కదిలినవాడు ఓడినట్టే.

మావాడు పళ్ళెం తోముతూ ఆగిపోయాడు. పిట్ట పరుగెత్తుకుంటూ వచ్చి వాడి చొక్కా పట్టుకుంది. “నాన్నా, ఇదిగో చూడు, పన్ను ఊడింది” అని నోరు తెరిచి చూపించింది. వాడు చూడలేదు. “నాన్నా, ఇటు చూడు” అని చొక్కా గుంజింది. చేతిలో పళ్ళెం అలాగే ఉంది, సబ్బు నురగ మోచేతి దాకా కారుతోంది. వాడి కంట్లోంచి ఒక్క చుక్క రాలింది. కనురెప్ప మాత్రం వాలలేదు. ‘కదలండి’ అనే మాట వచ్చేసరికి పిట్టను బయటికి తీసుకెళ్ళిపోయారు.

వ్యాఖ్యాత దాన్ని త్యాగం అన్నాడు. ఎందుకు కాదూ? కూతురు నోరు తెరిచి చూపిస్తుంటే తల తిప్పకుండా నిలబడటం సామాన్యమా? మనమూ రోజూ నిలబడతాం, కాదనను. కానీ మన చేతిలో ఫోన్ ఉంటుంది. వాడి చేతిలో ఉన్నది ఉత్త పళ్ళెం. ఆ ఒక్క చుక్కతో వాడు రెండోసారి గెలిచాడు.

మూడో సీజన్ వచ్చింది. కుటుంబసభ్యుల వారానికి ముందు, ఛానెల్ తరఫున కోఆర్డినేటర్ అమ్మాయి చెల్లెమ్మ ఇంటికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. బీరువాలో పిట్ట బట్టలు తిరగేసి, “మేడమ్, పాపకి కొంచెం డల్‌గా ఉండే డ్రెస్ ఏదైనా ఉందా? ఎమోషన్ బాగా కనెక్ట్ అవుతుంది” అని అడిగింది.

“దానివన్నీ ముదురు రంగులే. ఈ ఇంట్లో డల్‌గా ఉన్నది నేనొక్కదాన్నే, నేను రావట్లేదు” అంది చెల్లెమ్మ. తర్వాత నా వైపు తిరిగి, “మీరూ వదినా తీసుకెళ్ళండి అన్నయ్యా. దానికి వాళ్ళ నాన్నని చూడాలనుంది. నేను ఎందుకు ఆపాలి?” అంది.

అలా నేనూ ఆ పుణ్యక్షేత్రంలో అడుగుపెట్టాను. తలుపు తెరుచుకుంది. లోపల అందరూ బొమ్మలే. మావాడు సోఫా ముందు ఒంగి, దిండు సర్దుతూ ఆగిపోయి ఉన్నాడు. ఈసారి ఇంటాయన దయ తలిచాడు. మేం లోపలికి రాగానే ‘కదలండి’ అన్నాడు. వాడు దిండు వదిలేసి మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ చాచాడు.

పిట్ట కదల్లేదు.

గుమ్మం లోపల చేతులు రెండూ ఒంటికి ఆనించుకుని, ఎదుటి గోడ వైపు చూస్తూ నిలబడింది. మా ఆవిడ వెనకనుంచి, “వెళ్ళమ్మా, నాన్న పిలుస్తున్నాడు” అంది. కదల్లేదు. స్పీకర్లోంచి గొంతు, “పాపా, మీరు కదలవచ్చు” అంది. ఊహూ. మావాడు మోకాళ్ళ మీదే దగ్గరికి వచ్చి, “పిట్టా, నేనే. ఒక్కసారి చూడవే” అన్నాడు. దాని పెదవి వణికింది కానీ చూపు గోడ మీంచి జరగలేదు. టైమ్ అయిపోయిందని బెల్లు మోగింది. దాన్ని నేను ఎత్తుకుని బయటికి తెచ్చాను. అప్పటికీ కర్రలా బిగుసుకునే ఉంది.

వాడు కెమెరాలకు వీపు పెట్టి ఏడ్చాడు. ముక్కు చీదుతూ, చూడబుద్ధి కాకుండా ఏడ్చాడు. అది అసలు ఏడుపని మా ఆవిడ ఒక్కతే గుర్తుపట్టింది. ఛానెల్ వాళ్ళు దానికి వయొలిన్ తగిలించారు. తండ్రి మీద కూతురి అలక అని ప్రోమో వేశారు. ఆ వారం పోలైనన్ని ఓట్లు ఆ కార్యక్రమ చరిత్రలోనే లేవట.

కారులో కూర్చున్నాక పిట్ట ఒళ్ళు సడలించి, నన్ను అడిగింది. “మామయ్యా, నేను బాగా ఆగానా?”

“ఎందుకమ్మా ఆగావు?”

“కదిలితే నాన్న ఓడిపోతాడు కదా. పోయినసారి నేనే చొక్కా లాగాను. కొంచెంలో ఓడిపోయేవాడు.”

మా ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

మూడోసారి గెలిచి ఇంటికొచ్చిన రోజున, పూలగుత్తులు తెచ్చినవాళ్ళంతా వెళ్ళాక, మావాడు నన్ను వంటగదిలోకి లాగాడు. “బావా, పిట్టకి నా మీద అంత కోపమా?” అన్నాడు. నేను కారులో మాట చెప్పాను. వాడు సింకుకు ఆనుకుని అలాగే నేల మీదికి జారి కూర్చున్నాడు. గోడ మూలకేసి చూడలేదు. నా జర్నీ అనలేదు.

ఆ తర్వాత నాలుగు నెలలు నిజంగానే ఇంటిపట్టున ఉన్నాడు. స్కూలు దగ్గర కూతురి కోసం నిలబడేవాడు. మిగతా తల్లిదండ్రులు ఫోటోల కోసం వాణ్ణి చుట్టుముడితే, పిట్ట బ్యాగు తగిలించుకుని ఆ గుంపు బయట ఎదురుచూసేది. ఒకరోజు నాతో అన్నాడు: “ఇక్కడ ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు బావా. పిట్ట వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. ఏం మాట్లాడాలో తోచక చప్పట్లు కొడతాను. అక్కడైతే గొంతు చెబుతుంది, ఇప్పుడు కౌగిలించుకో, ఇప్పుడు ఏడువు అని.”

కాబట్టి నాలుగో సీజన్‌కి పిలుపు రాగానే వెళ్ళాడు. చెల్లెమ్మ ఆపలేదు. గుమ్మం దాకా వచ్చి, “వెళ్ళండి. ఈసారి మాత్రం త్వరగా ఓడిపోయి రండి” అంది. వాడు సూట్‌కేస్ కింద పెట్టి ఆమె మొహంలోకి చూశాడు. “చూస్తాను. నాకు గెలవడమే వచ్చు” అన్నాడు.

పాఠకులారా, వాడు మనస్ఫూర్తిగా ప్రయత్నిస్తున్నాడు. మీరూ చూస్తూనే ఉన్నారు. పరుగుపందెం పెడితే కూర్చున్నాడు. మీరు దాన్ని నిబ్బరం అన్నారు. టాస్క్ మధ్యలో గుర్రుపెట్టి నిద్రపోయాడు. పసిపిల్లాడి మనసు అన్నారు. తన్ను తానే నామినేట్ చేసుకున్నాడు. ఇంత నిస్వార్థపరుణ్ణి చూడలేదన్నారు. చివరికి మొన్న కెమెరా ముందుకు వచ్చి, “నాకు ఇంటికి వెళ్ళాలనుంది. దయచేసి నాకు ఓటెయ్యకండి” అని చేతులు జోడించాడు. దానికి మీరు వేసిన ఓట్లు రెండో స్థానంలో ఉన్నవాడి ఓట్లకు రెట్టింపు.

నిన్న కోఆర్డినేటర్ అమ్మాయి చెల్లెమ్మకి మళ్ళీ ఫోన్ చేసింది. కుటుంబసభ్యుల వారం దగ్గరపడుతోందట. పాప కదలకుండా నిలబడటం జనానికి తెగ నచ్చింది కాబట్టి మళ్ళీ అలాగే నిలబడగలదా, వీలైతే ఇంకొంచెం ఎక్కువసేపు, అని అడిగింది. పిట్ట పక్కనే ఉండి వింది. “నిలబడతానని చెప్పమ్మా” అంది.

అందుచేత మీ అభిమానానికి ఒక చిన్న విన్నపం. ఓటింగ్ శుక్రవారం సాయంత్రం దాకా ఉంది. మీ వేళ్ళు ఊరుకోవని నాకు తెలుసు. ఊరుకోమని నేనూ అనను. నామినేషన్లలో ఒక జిమ్ ట్రైనర్ ఉన్నాడు. పెళ్ళి కాలేదు, పిల్లల్లేరు, బయట ఎదురుచూసేవాళ్ళు ఎవరూ లేరని తానే చెప్పాడు. రోజూ అద్దం ముందు కండలు చూసుకుంటూ ఆనందంగా గడుపుతున్నాడు. బంగారం లాంటి మనిషి.

మీకు పుణ్యం ఉంటుంది, అతన్ని కాపాడండి.