చుక్కమ్మ నెత్తురులో సిపాయిలు

ఒక పెద్ద అడవిలో, జంతువులు పులి కన్నా ఆఫీసుకే ఎక్కువ భయపడే రోజుల్లో, చుక్కమ్మ అనే దుప్పి ఉండేది. రెండేళ్ల కిందట పాపం దాని కడుపులో నులిపురుగులు పడ్డాయి. చేదు వాయువిడంగాలు నమిలి ఎప్పుడో వదిలించుకుంది కూడా.

ఈ ఎండాకాలం అడవి మొత్తానికీ ఒక్కటే మడుగు మిగిలింది. ఆరోగ్యాధికారి నక్క జంబులింగం గారు వెంటనే ఉత్తర్వు తీశారు: "పురుగులున్నవాళ్లు మడుగులో మూతి పెట్టరాదు. నెత్తురు పరీక్ష తప్పనిసరి."

ఇదివరకు ఈ పని పేడపురుగు బోడయ్య చేసేవాడు. పేడ విప్పి చూసి ఉంటే ఉన్నాయనేవాడు, లేకుంటే లేవనేవాడు. అంతే. "ఛీ, లోకం ఎక్కడికో పోతుంటే ఇంకా పేడేమిటి!" అని నక్కగారు వాడి కొలువు ఊడగొట్టారు.

చుక్కమ్మ నెత్తురు చూసి నక్కగారు తల అడ్డంగా ఊపారు.

"యాంటీబాడీలున్నాయి. అంటే పురుగులతో పోరాడే సిపాయిలు. సిపాయిలున్నారంటే శత్రువు ఉన్నట్టే. పో, మందు తిను."

"అయ్యా, ఆ యుద్ధం అయిపోయి రెండేళ్లయింది!"

"మరి సిపాయిలు ఇళ్లకు పోలేదేం?"

చుక్కమ్మ మూడుసార్లు మందు తింది. నోరు పొక్కింది గానీ సిపాయిలు కదల్లేదు. రోజూ రెండు కొండలు దాటి ఊటనీళ్లు తాగి వచ్చేసరికి పొదుగులో పాలు ఇగిరిపోయేవి. పిల్ల ఆకలికి ఏడ్చేది.

ఇక లాభం లేదని ఒకరోజు మోదుగాకు దొప్పలో తన పెంటికలు పోసుకుని, బోడయ్యను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్లింది.

"ఇదిగో సాక్ష్యం! ఒక్క పురుగు చూపించండి, ఈ అడవే విడిచిపోతాను!"

"నేను చూశానక్కా, ఒక్కటీ లేదు," అన్నాడు బోడయ్య. అని ఊరుకున్నాడా? అలవాటు కొద్దీ గుమ్మం పక్కన నక్కగారి పెంట కూడా కెలికాడు. "అమ్మో! ఇక్కడ జాతర జరుగుతోంది!"

"నోర్ముయ్! నా నెత్తురులో ఏమీ లేదు!" అంటూ నక్కగారు పిర్రలు నేలకేసి రుద్దుకున్నారు. పురుగులు కొత్తగా దిగాయి, సిపాయిలింకా లేవలేదు మరి.

ఆ గోలకు పెద్దపులి రాజుగారే వచ్చారు. తన పరీక్ష గొప్ప చూపిద్దామని నక్కగారు అక్కడికక్కడే రాజుగారి నెత్తురు తీశారు. తీసి కొయ్యబారిపోయారు. రాజుగారికి కూనగా ఉన్నప్పుడు పురుగులు పడ్డాయట. సిపాయిలు బారులు తీరి ఉన్నారు.

"అంటే నేను మడుగు ముట్టకూడదా?" అని రాజుగారు మీసం దువ్వారు.

నక్కగారు చటుక్కున సాగిలపడ్డారు. "ఎంతమాట ప్రభూ! సిపాయిలున్నవాళ్లు వీరులు! మడుగు వీరులదే! సిపాయిల్లేని పిరికిపందలకే నీళ్లు బంద్!"

"బాగుంది. మరి నీ నెత్తురులో ఎంతమంది ఉన్నారు?"

ఆ సాయంత్రం చుక్కమ్మ పిల్లను పక్కన పెట్టుకుని మడుగులో కడుపారా నీళ్లు తాగింది. బోడయ్యకు మాత్రం కొలువు తిరిగి రాలేదు. నక్కగారు నాలుక వేలాడేసుకుని రెండో కొండ ఎక్కుతూ కనిపించారు, మధ్యమధ్య ఆగి పిర్రలు రుద్దుకుంటూ.

నీతి: రోగం పోవాలంటే మందు చాలు, పోయిందని ఆఫీసు ఒప్పుకోవాలంటే మాత్రం అదే రోగం రాజుగారికీ వచ్చి ఉండాలి.