డమ్మీ రౌండు మాయం

"రాసుకోరా దినేష్! ఇవాళ్టితో సైబరాబాద్ నేరచరిత్ర రెండు ముక్కలవుతుంది. బుల్లిబాబుకు ముందు, బుల్లిబాబుకు తరవాత!"

ఈ మహావాక్యం పలికేటప్పుడు వాడి మీసానికి కొబ్బరి చట్నీ అంటుకుని ఉంది. బుల్లిబాబుది భీమవరం. హైటెక్ సిటీలో మా కంపెనీలో టెస్టింగ్ ఇంజనీరు, నా ఖర్మకొద్దీ నా పక్క సీటు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టేవాడికి మనుషుల్లో నేరస్తులను పట్టడం ఒక లెక్కా అని వాడి సిద్ధాంతం. ఇంతవరకు వాడు ఛేదించింది ఒకే కేసు, ఆఫీసు ఫ్రిజ్‌లో పెరుగు దొంగతనం. పట్టుబడిన దొంగ నేనే. ఆ పెరుగూ నాదే.

ఆ రోజు మా ఆఫీసు లాబీలో పోలీసుల ఆయుధ ప్రదర్శన జరుగుతోంది. హెడ్ కానిస్టేబుల్ మొగిలి గారు పొద్దుటి నుంచి షాట్‌గన్ చూపిస్తూ, దాన్ని ఎలా పట్టుకోవాలో, ఎలా దాచాలో చెబుతున్నారు. రౌండ్లు, అంటే తూటాలు, ఎలా ఎక్కిస్తారో చూపించడానికి ఐదు డమ్మీలు తెచ్చారు, ఇత్తడి అడుగున్న వేలెడంత ఎర్ర గొట్టాలు. వాటిలో మందు ఉండదు, పేలవు. మధ్యాహ్నం లెక్కపెడితే నాలుగే ఉన్నాయి.

మేం వెళ్లేసరికి ఆయన మోకాళ్ల మీద కూర్చుని బల్ల కింద వెతుకుతున్నారు. చొక్కా వీపంతా చెమట.

"పేలని తూటాకి ఇంత కంగారెందుకండీ?" అన్నాను.

"అది పేలదని మనకెర్క. దొరికినోనికి ఎర్కనా?" అంటూ లేచారు. "రేపు అది అసలు రౌండ్లల్ల కలిసిందనుకో. ఆపతిల తుపాకీ పేలకపోతే మావోడే సస్తడు. ఇరవై ఆరేండ్లల్ల ఒక్కటి తక్కువ రాలే నాకు. నాలుగింటికి బండి పోతది. గప్పటిదాంక దొరకకపోతే సస్పెండే అన్నది ఎస్సై మేడం."

నాకు పాపం అనిపించింది. బుల్లిబాబు కళ్లు మాత్రం దీపావళి మతాబుల్లా వెలిగాయి.

"మొగిలి గారూ, నా ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పండి. తుపాకీ ఎక్కడ దాస్తారండి?"

"ఒక పెట్టెల."

"రౌండ్లు?"

"ఇంకో పెట్టెల. రెండూ ఒక్కకాడ పెట్టం."

"తాళాలు?"

"ఒకటి నా కాడ, ఒకటి మేడం కాడ."

బుల్లిబాబు నన్ను పక్కకు లాగాడు. "విన్నావా? ఆయుధం ఒకచోట, తూటాలు మరోచోట, తాళాలు ఇద్దరి దగ్గర. ఇది పకడ్బందీ ముఠా పనిరా!"

"అది జాగ్రత్తరా!"

"అదే వాళ్ల తెలివి!" అంటూ వెళ్లి, వేలిముద్రల కోసమట, తుపాకీ గొట్టం లోపలికి తొంగిచూడబోయాడు. మొగిలి గారు కాలరు పట్టుకుని ఒక్క గుంజు గుంజారు.

"దాని ముందటికి రావద్దు!"

"ఖాళీయే కదండీ?"

"పొద్దుగాల కండ్లతోని చూసిన, వేలు పెట్టి చూసిన. ఖాళీయే. అయినా ముందట నిలవడొద్దు. ఖాళీ అనుకున్న తుపాకులతోనే శానమంది పోయిన్రు."

అప్పుడే లిఫ్టు దిగిన ఒకాయన జేబులోంచి ఎర్రటిదేదో తొంగిచూసింది. "వాడే!" అని బుల్లిబాబు పరుగెత్తాడు. నేనూ పరుగెత్తాను, వాణ్ణి ఆపడానికి. ఆ మనిషి కార్డు చూపించి గేటు దాటేశాడు. బుల్లిబాబు మెడ తడుముకున్నాడు. కార్డు లేదు. గేటు తెరుచుకోలేదు, వాడి పొట్ట మాత్రం వెళ్లి దానికి గుద్దుకుంది. అవతల ఆ పెద్దమనిషి జేబులోని ఎర్ర డబ్బా తీసి రెండు పుదీనా బిళ్లలు నోట్లో వేసుకున్నాడు.

"కార్డు పోయిందా సార్? సంయుక్త మేడంను అడగండి," అన్నాడు గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషి.

సంయుక్త మా అడ్మిన్. బల్లల మీద, నేల మీద ఏది అనాథగా కనబడినా తీసి డబ్బాలో వేసి, వస్తువు పేరు రాసిన చీటీ దానికి అంటించి, ఆఫీసులో పద్నాలుగు వందల మందికీ మెయిల్ పెడుతుంది. ఆ మెయిళ్లను ఎవరూ తెరవరు. నేనైతే తెరవకుండానే తీసేస్తాను.

"నీ కార్డు గిందులనే ఉన్నది బుల్లిబాబూ. జర మెల్లగ తీయ్," అంది, మేం వెళ్లగానే ఆ డబ్బా ముందుకు జరిపి.

మెల్లగా అనే మాట వాడికి తెలియదు. కార్డు తాడు పట్టి లాగాడు. అది ఎవరిదో ఇయర్‌ఫోన్ తీగతో చిక్కుపడి ఉంది. డబ్బా మొత్తం బోర్లాపడింది. గొడుగు, దువ్వెన, ఒక చెవిదుద్దు, వాటి వెనక ఓ ఎర్ర గొట్టం దొర్లుకుంటూ వచ్చాయి. గొట్టం మీద చీటీ: 'లిప్‌స్టిక్, 1. బ్రాండ్ తెలియదు.'

"ఈ సింగారాలకు టైం లేదు, ముందు తూటా!" అని బుల్లిబాబు దాన్ని కాలితో నా వైపు తన్నాడు.

దాని అడుగున ఇత్తడి మెరిసింది.

"ముట్టకురా!" అని అరిచి మొగిలి గారి కోసం పరుగెత్తాను.

ఆయన వచ్చి, వంగి, తిప్పి చూసి, డమ్మీ గుర్తు తడిమి చూసుకున్నారు. "ఇదే," అన్నారు.

"పొద్దుగాల సెల్ఫీలకు అందరు మీద పడ్డరు కదా," అంది సంయుక్త, ముఖం పాలిపోయి. "గప్పుడు బల్ల మీదికెల్లి పడ్డదేమో, కుర్చీ కింద దొరికింది. పన్నెండింటికే మెయిల్ పెట్టిన సార్. ఒక్కలు సూడలే."

"నాదే తప్పు బిడ్డా. తుపాకీ మీదనే కన్ను పెట్టిన, దీని మీద పెట్టలే."

నాలుగింటికి ఐదు నిమిషాలుంది. మొగిలి గారు ఐదు రౌండ్లనూ వరుసగా పెట్టి, పైకి వినబడేలా రెండుసార్లు లెక్కపెట్టారు. మూడోసారి బుల్లిబాబు చేత లెక్కపెట్టించారు. రిజిస్టరు తెరిచారు.

"ఎట్ల దొరికిందో రాయాలె."

బుల్లిబాబు గొంతు సవరించుకున్నాడు. "ప్రఖ్యాత డిటెక్టివ్ బుల్లిబాబు గారి సూక్ష్మ పరిశోధన ఫలితంగా అని రాయండి."

"తుపాకీ కాడ అయిందే రాస్తం బాబూ. కానిది రాస్తే రేపు ఎవని పానం మీదికో వస్తది."

అయిందే రాశారు. కార్డు పోగొట్టుకున్న ఉద్యోగి డబ్బా బోర్లా వేయగా దొరికినది. సాక్షి సంతకం కోసం రిజిస్టరు వాడి వైపు తిప్పి, కుర్చీలో కూలబడి, సీసాడు నీళ్లు గటగటా తాగారు. ఖాళీ సీసా పక్కన పెట్టి, మళ్లీ ఎక్కడ పోతాయోనన్నట్టు ఐదు రౌండ్ల మీదా అరచెయ్యి కప్పారు.

బుల్లిబాబు అది చూశాడు. పేరు రాసి, దాని కింద 'డిటెక్టివ్' అని రాశాడు. పైన ఆయన రాసిన వాక్యం మళ్లీ చదివాడు. తరవాత ఆ మాట కొట్టేసి, పక్కన 'టెస్టింగ్ ఇంజనీరు' అని రాశాడు.