నలభై రెండో పాట

మార్చి తొమ్మిదో తేదీ పొద్దున రిటైరైన లైబ్రేరియన్‌గారు రెండు రొట్టె ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు తిన్నారు. ఉడికించింది మాత్రం రెండు గుడ్లు. భార్య పోయి నాలుగేళ్లయినా చెయ్యి మాట వినదు.

ఆ రోజు పెట్టుకున్న పని ఒక్కటే. ఇంటిపని చేసుకుంటూ ఆవిడ పాడుకున్న పాటలు నలభై ఒకటి ఆవిడ ఫోన్‌లోనే ఉన్నాయి. ఆ ఫోన్ ముసలిదైంది, ఎప్పుడు కన్నుమూస్తుందో తెలియదు. వాటిని కంప్యూటర్‌లోకి చేర్చాలి. తీరా ఆవిడ క్లౌడ్ ఖాతా తెరిస్తే, నలభై ఒకటీ కంప్యూటర్ తెరమీద అప్పటికే బారులు తీరి ఉన్నాయి. పని ఇంత తేలికా అని ముచ్చటపడ్డారు.

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆయన తప్పని నియమం ఒకటుంది: ఒకే పుస్తకం రెండు ప్రతులుంటే పాతది తీసేయాలి. ఫోన్‌లోని పాటలన్నీ గుర్తుపెట్టి డిలీట్ నొక్కారు. కంప్యూటర్‌లోవి కూడా ఒక్కొక్కటే మాయమయ్యాయి. రెండు కిటికీల్లోంచి తను చూసింది ఒకే అలమార అని అప్పుడు తెలిసింది.

గుక్క తిప్పుకునేలోగా మరదలు ఫోన్ చేసింది.

"బావగారూ, మా అక్కని ఏం చేశారు?"

"నేనేం చేశానమ్మా?"

"నా ఫోన్‌లో పాటలు పోయాయి. రోజూ అంట్లు తోముకుంటూ వింటాను."

ఆ ఖాతా అక్కచెల్లెళ్లిద్దరిదీ అని ఆయనకు తెలియదు. తనలాగే రోజూ వినే మనిషి ఇంకొకరున్నారనీ తెలియదు. సిగ్గేసి, "దొంగలెవరైనా పడ్డారేమో" అన్నారు.

ఆ మాటే కొంప ముంచింది. మరదలు నిమిషంలో పాస్‌వర్డ్ మార్చేసింది. లైబ్రేరియన్‌గారు గడప బయట మిగిలారు. మధ్యాహ్నం ఆమే మళ్లీ చేసింది.

"ఫోన్లు బాగుచేసే అతను చూశాడు. చెత్తబుట్టలోనే ఉన్నాయట, తిరిగొస్తాయట. కానీ దొంగ తేలకుండా బయటపెడితే మళ్లీ తుడిచేస్తాడన్నాడు. పోలీసులకి రాసిస్తున్నాను."

"రాయకమ్మా. ఆ దొంగ నా కుర్చీలోనే కూర్చున్నాడు."



"అనుకున్నాను. రెండో ప్రతి కంటబడితే మీకు నిద్రపట్టదని అక్క అంటూనే ఉండేది. పాటలు తిరిగి పెడతాను, కొత్త పాస్‌వర్డ్ పంపుతాను, మీరు మాత్రం దేన్నీ ముట్టుకోకండి."

చీకటిపడ్డాక పాటలు తిరిగొచ్చాయి. అలవాటు కొద్దీ లెక్కపెట్టారు. నలభై రెండు. పుస్తకాలు తగ్గడం ఎరుగుదురు గాని, వాటంతటవి పెరగడం ఆయన సర్వీసులో లేదు. మరదలికి ఫోన్ చేశారు.

"అది అక్క మా ఇంట్లో పాడింది బావగారూ. మధ్యలో మీకు ఫోన్ చేసి కసురుతుంది. వింటే బాధపడతారని నా దగ్గరే దాచాను. ఒక్కదాన్నే ఎన్నాళ్లని వినను?"

పాట మొదలైంది. సగంలో ఆగింది.

"ఏమండీ, వీధి తలుపు గడియ వేశారా?"

"వేశాను" అన్నారాయన, ఎప్పటిలాగే.

తర్వాత లేచి వెళ్లి, ఆవిడకు వినపడకుండా వేశారు.