గుడియాత్తం జెన్సి వాయువిజయము

వినుడు, వినుడు! ఏనుగులనెక్కి ఊళ్ళు తగులబెట్టిన రాజుల కథలు మీరు వలసినన్ని విని యున్నారు. వారి మీసములను గూర్చి, వారి కత్తులను గూర్చి బండలమీద చెక్కినవారే గాని, వారిని కన్న తల్లులు పురిటిమంచముపై పడిన పాట్లను గూర్చి ఒక్క అక్షరము చెక్కిన పుణ్యాత్ముడు లేడు. ఆ లోటు నేడు నేను తీర్చెదను. ఇది సభలో చెప్పదగిన కథ కాదని ముక్కు మూసుకొనువారు ఇప్పుడే లేచి పోవచ్చును. వారిని కన్నతల్లియు ఈ యుద్ధము చేసియే యుండును.

నిర్జలపాలారుసైకతతీరమున, ప్రచండమార్తాండకిరణసంతప్తశిలాప్రాకారమైన కోటను నడుమ నిలుపుకొని, అగ్నినక్షత్రపు ఎండలకు పొయ్యి లేకయే పప్పుడుకునట్టి వేలూరు మహానగరమునందు, లిఫ్టు కొరకు ఒక వరుసయు మందుల కొరకు మరియొక వరుసయు ఎన్నడును తరగని ఒకానొక పెద్ద ఆసుపత్రిలో, ప్రసూతి విభాగమున, కిటికీ ప్రక్క మంచముపై, పాదరక్షోపరిచర్మసీవనధురంధర, అనగా పేర్ణాంబట్టు కంపెనీలో బూట్ల పైతోలు కుట్టునట్టి గుడియాత్తం వీరవనిత జెన్సి శయనించి యుండెను. ముందునాటి ఉదయమున ఆమెకు ఆపరేషను జరిగి మగబిడ్డ కలిగెను. వాడు ఉయ్యాలతొట్టిలో పిడికిళ్ళు బిగించి, లోకముతో తనకేమియు పని లేనట్లు నిద్రించుచుండెను.

బిడ్డను కనుట మహాయుద్ధమే. కాదనను. కాని ఆ యుద్ధమున డాక్టర్లు, మత్తుమందు, దేవుడు, అందరును ఆమె పక్షముననే నిలిచిరి. నేను చెప్పబోవునది మరునాడు ఆమె ఒంటరిగా చేసిన యుద్ధము.

దానికి మూలము ఆ వార్డున అప్రతిహతముగా చెల్లుచున్న ఒక నియమము. ఆపరేషనైన తల్లి కడుపులోని గాలి క్రిందుగా వెడలవలెను. వెడలినచో ప్రేవులు మేలుకొన్నవని గుర్తు. అప్పుడు కాఫీ, ఆపై ఇడ్లీ. వెడలకున్నచో చెంచాతో నీళ్ళు. ఆ నియమమును పాలించునట్టిది శ్వేతాంబరధారిణి, ఉష్ణమాపకహస్త, నిమేషమాత్రమునైనను కూర్చుండి యెరుగనట్టి సిస్టర్ శశికళ. ఆమె వచ్చినప్పుడెల్ల అడుగు ప్రశ్న ఒక్కటే.

"గ్యాస్ పోచ్చా మా?"

గాలి పోయినదా అని అరవమున అడుగుట. జెన్సి తల అడ్డముగా ఊపును. సిస్టర్ రాసుకొని పోవును.

గోరుచుట్టుపై రోకటిపోటన్నట్లు, ప్రక్క మంచమున యోగిత యుండెను. గుడియాత్తం దాపున మామిడితోటలు గల రైతుల బిడ్డ. జెన్సితోపాటు అదే ఉదయమున ఆపరేషనైన యువతి. ఆమె తెల్లవారకముందే విజయము సాధించి, వాసన గదియంతట నిండునట్లుగా స్టీలు గ్లాసున కాఫీ త్రాగుచుండెను. ఆమె తల్లి లక్ష్మీకాంతమ్మ ఆ సంగతిని వార్డులో నలుగురికి చెప్పినది చాలక ఫోనులో ఊరికిని చెప్పుచుండెను.

"పోయినాదమ్మా, బాగా పోయినాది. ఒకటి కాదు, రెండు తూర్లు!"

ఆ మాటలు వినుచు, ఆ కాఫీ వాసన పీల్చుచు, ముందునాటి నుండి నోట మెతుకు లేని జెన్సి కన్నులలో నీరు తిరిగెను. ఆకలి రుచి యెరుగదందురు. నిజమే, ఆ క్షణమున ఆమె చల్లారిన కాఫీనైనను, చక్కెర లేని కాఫీనైనను, క్యాంటీను కాఫీనైనను అమృతమువలె త్రాగి యుండును.

మరి గాలి రాలేదా యనగా, వచ్చెను! అదియే ఈ కథలోని విషాదము. మొదటిసారి అది వచ్చిన వేళ, పెద్ద డాక్టరమ్మ, ఆమె వెనుక చిన్న డాక్టర్లు, వారి వెనుక చదువుకొను పిల్లలు, ఒక చిన్న ఊరేగింపు మంచము చుట్టు నిలిచి యుండిరి. గడ్డము సరిగా మొలవని ఇద్దరు కుర్రవాండ్రు పాదముల కడనే నిలిచి తలలూపుచుండిరి. ఉదరకుహరమున ఉరుము పుట్టెను. జెన్సి పండ్లు బిగబట్టి, మనసున ఇట్లు గర్జించెను:

"ఓ ఉదరకుహరాంతర్గతసమీరణమా! రావలసిన వేళ రాక రాకూడని వేళ వచ్చెదవేల? ఇందరి యెదుట నిన్ను విడిచి ఏ ముఖముతో గుడియాత్తము బస్సెక్కుదును? పొమ్ము, మరలి పొమ్ము! ఒంటరిగా నున్నప్పుడు రమ్ము. పూలదండ వేసి పంపెదను!"

పైకి మాత్రము డాక్టరమ్మ అడిగినదానికి, "ఏమీ లేదు డాక్టర్, బాగుండాను" అని పలికెను. గాలి మర్యాద తెలిసినది కాబోలు, వెనుదిరిగి పోయెను. పోయినది పోయినట్లే పోయెను. ఎంత వేడినను మరి రాదాయెను.

కూతురి ముఖము చూడలేక తల్లి మేరి ఒక సాహసమునకు పూనుకొనెను. సిస్టర్ మరల వచ్చి ప్రశ్నించినంతనే, "పోయినాది సిస్టర్, ఇప్పుడే పోయినాది. కాపీ ఇయ్యొచ్చు గదా?" అని కన్నార్పకుండ అబద్ధమాడెను. సిస్టర్ శశికళ జెన్సి ముఖము చూచెను. అబద్ధమాడుట రాని ముఖమది. పిమ్మట పొట్టపై చేయి వేసి, స్టెతస్కోపు పెట్టి, కొంతసేపు ఆలకించెను.

"పొయ్ సొల్లాదీంగ మా, అబద్ధం చెప్పొద్దు. కడుపు ఇంకా బిర్రుగా ఉంది. సాయంత్రం రౌండ్సు లోపల పోకుంటే రేపు పొద్దున దాకా ఏమీ ఇయ్యము. లేపి నడిపించండి."

రేపు! ఆ మాట పిడుగై పడెను. ఇంకొక పగలు, ఇంకొక రాత్రి, ఆ స్టీలు గ్లాసు ప్రక్కన! మేరి చెంగుతో ముఖము తుడుచుకొని లేచెను.

"నేను కిందికి పోయి ఫ్లాస్కులో కాపీ తెచ్చి పెడతాను తల్లీ. పోయిన నిమిషమే తాగుదువు. మీ అత్తను పైకి పంపిస్తాను, ఆమె నడిపిస్తుంది."

అత్త! వార్డులోనికి ఒక్క పాసు. పాసునకు ఒక్క మనిషి. మొదటి కాన్పు పుట్టింటివారిది గావున పాసు మేరి చేతనే యుండెను; ఇప్పుడది వియ్యపురాలి చేతికి మారినది. అంతట ప్రవేశించెను శ్వశ్రూశిరోమణి జెసింత. ఆమెను గూర్చి నాలుగు మాటలు చెప్పక తప్పదు. గుడియాత్తం చర్చిలో నోరు తెరచి ఆవలించినవారిని వెనుదిరిగి ఒక చూపు చూచునట్టి మహాతల్లి. ఆమె యింట తుమ్మువారు సైతము గుమ్మము దాటి తుమ్ముదురు. పెండ్లియై ఏడాది దాటినను ఆ అత్తాకోడళ్ళ నడుమ "తింటివా" "తింటిని" అను మాటలకు మించి మాట పుట్టలేదు. కోపము లేదు, చనువును లేదు. కోపమైనచో ఎప్పుడో తీరిపోయెడిది.

దండయాత్ర ప్రారంభమైనది. ఒక చేత గోడ, ఒక చేత అత్తగారి భుజము, నడుమున కుట్లు. వీరాంగన అడుగు తీసి అడుగు వేయుచు వరండా పొడవున సాగెను.

"మెల్లిగా రామ్మా. యాడన్నా నొప్పిగా ఉండాదా?"

"లేదత్తా."

"ఏమన్నా వచ్చేట్టు ఉండాదా?"

"లేదత్తా."

వరండా చివర, నీళ్ళ కుళాయి కడకు చేరినంతనే, పగ పట్టిన శత్రువువలె అది మరల వచ్చెను. చుట్టును ఒక్కరు లేరు. డాక్టర్లు లేరు, కుర్రవాండ్రు లేరు. ఒక్క అత్తగారు తప్ప! ఆమె చెవి కోడలి భుజమునకు జానెడు దూరమున నుండెను. జెన్సి మింగలేక కక్కలేక గోడకు నొదిగి నిలిచిపోయెను.

"ఏమి అట్లా నిలబడిపోయినావు?"

"కుట్లు లాగతా ఉండాయి అత్తా."

గాలి మరల వెనుదిరిగెను. ఓసి పిచ్చిదానా! కాఫీ జానెడు దూరమునకు వచ్చి పోయెను గదా! ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖమెరుగదు, సరే. కోడలి సిగ్గు ఆకలినే యెరుగదని ఏ పెద్దలును చెప్పలేదు. నాకైతే ఆ పిల్లను చూచి ఏడుపు వచ్చెను.

అంతలో సందర్శనవేళయాయెను. తలుపులు తెరచుకొనెను. పాసులతో పని లేని ఆ ఒక్క గంటలో బంధుసేనలు వార్డును ముట్టడించెను. జెన్సి మంచము కడకు మామగారు పెరియస్వామి, సిగ్గుతో గోడకంటుకొని భర్త జెబకుమార్, ఫ్లాస్కు చంకన బెట్టుకొని మేరి, చర్చి స్త్రీలు నలుగురు, వారందరి ముందు పాస్టర్ యోగానంద్ వచ్చి నిలిచిరి. పాస్టరయ్య మంచి మనిషి. అయితే ఆయన ప్రార్థన మొదలుపెట్టినచో, అది ముగియులోపల గుడియాత్తము నుండి పేర్ణాంబట్టునకు బస్సు పోయి రావచ్చునని ప్రతీతి.

"పాస్టరయ్యా," అని మేరి వేడెను, "బిడ్డ బాగుండాడు. ఇంగ ఈ పిల్లకు గాలి పోవాల. దానికి గూడా ఒక జెపం చేయండయ్యా."

జెన్సి దుప్పటిని ముక్కు దాక లాగుకొనెను. భూమి చీలినచో అందులో దూకియుండును. మూడవ అంతస్తు గావున ఆ వీలును లేకపోయెను. పాస్టరయ్య ఏమాత్రము జంకక, "దానికేమమ్మా, దేవుడు చేసిన దేహమే గదా" అని చేయి చాపెను. తలలన్నియు వంగెను. కన్నులన్నియు మూసుకొనెను.

ఆయన బిడ్డ కొరకు వేడెను. తల్లి కొరకు వేడెను. డాక్టర్ల కొరకు, సిస్టర్ల కొరకు, లిఫ్టు నడుపువారి కొరకు వేడెను. పిమ్మట వాన కొరకు మొదలుపెట్టెను.

"మా పాలారు ఇసక తప్ప నీళ్ళు చూసి ఎన్నాళ్ళాయె ప్రభువా! మా బోర్లు ఎండిపోయినాయి ప్రభువా!"

అప్పుడు, వినుడు, అది మూడవసారి వచ్చెను. రెండుమార్లు అవమానింపబడి తిరిగిపోయినది, ఈసారి సమస్తసైన్యసమేతముగా, ప్రళయఘోషతో, కోటగుమ్మము కడకు వచ్చి నిలిచెను. జెన్సి ఊపిరి బిగబట్టెను. దిండు నొక్కెను. కుట్లు భగ్గుమనెను. ఓరకంట చూచెను. కన్నులన్నియు మూసియే యున్నవి. కాని చెవులకు మూత లేదు గదా! మామగారు అక్కడనే. పాస్టరయ్య అక్కడనే. అత్తగారు తలాపునే. బిగబట్టుటకు ఇక ఆమె యొద్ద బలము మిగులలేదు. పాస్టరయ్య ఊపిరి తీసుకొనుటకు ఒక్క క్షణమాగెను.

ఆ క్షణముననే.

ఆ ధ్వని ఎట్టిదనగా... ఎట్టిదైన మీకేల? అందరికిని వినబడెను. నిద్రించుచున్న బిడ్డ ఉలికిపడి పిడికిలి విప్పెను.

ఒక్కరు కదలలేదు. జెన్సి చెవులు మండెను. ఇక గుడియాత్తమునకు పోవుట కల్ల, ఈ వార్డుననే ముసలిదానినై పోవుదునని ఆమె నిశ్చయించుకొనెను. అప్పుడు తలాపు నుండి, కన్నులు మూసిన ముఖము నుండి, ఆవలింతనైనను సహింపని ఆ నోట నుండి, గంటవంటి గొంతు మ్రోగెను.

"స్తోత్రం!"

జెసింతయే! ఆ వెంటనే చర్చి స్త్రీలు నలుగురును, పెరియస్వామియు, జెబకుమారును, ఏమి అనవలెనో తోచక అదే మాట అనిరి. "స్తోత్రం! స్తోత్రం!" ప్రక్క మంచమున యోగిత పొట్టపై దిండు అదుముకొని, "అక్కా, నవ్వించొద్దక్కా, నా కుట్లు ఊడిపోతాయి!" అని మొరపెట్టెను. లక్ష్మీకాంతమ్మ, "పోయినాదమ్మా, ఈమెకూ పోయినాది!" అని చేతులెత్తి మొక్కెను.

జెసింత కన్నులు తెరచెను. జన్మమున మొదటిసారి ప్రార్థన నడుమ లేచి, చెప్పులైనను తొడగక, నర్సుల బల్ల కడకు పరుగెత్తెను.

"సిస్టర్! మా కోడలికి గ్యాస్ పోయినాది! సత్తెంగా పోయినాది, నేనే విన్నాను!"

"నేనూ ఇక్కణ్ణించే విన్నాను మా," అనెను సిస్టర్ శశికళ, రాసుకొనుచు. "కొంచెం కొంచెంగా తాగించండి."

పాస్టరయ్య ఓపికతో వేచి, నవ్వును అరచేత దాచుకొని, వాన సంగతి రెండు ముక్కలలో ముగించి ఆమెన్ అనెను. ఆయన ప్రార్థనలన్నిటిలో అదియే పొట్టిదని నేటికిని చెప్పుకొందురు. గంట మ్రోగి బంధుసేనలు దిగిపోయినవి. మేరి ఫ్లాస్కును వియ్యపురాలి చేతికిచ్చి, మనుమని తాతకు చక్కగా చూపించలేదని తలుపు కడకు ఎత్తుకొనిపోయెను.

జెసింత కాఫీ వంచెను. ఊదెను. గ్లాసు కోడలి చేతికిచ్చి, మంచపుటంచున కూర్చుండెను. ముందెన్నడును ఆమె అట్లు కూర్చుండలేదు.

"జెబకుమార్ పుట్టినప్పుడు నాకూ ఆపరేషనే," అనెను. "మా అత్త తలకాడ కూర్చోనుండె. నేను రెండు దినాలు బిగబట్టుకొని, కాపీ లేకుండా ఏడ్చినాను."

జెన్సి గ్లాసును పెదవి కడ ఆపెను.

"ఆ మాట పొద్దున్నే చెప్పింటే ఏమత్తా?"

"చెప్పేదానికి సిగ్గు కాదా?"

ఇద్దరును ఒకరినొకరు చూచుకొనిరి. ముందు అత్తకు నవ్వు వచ్చెను. పిమ్మట కోడలికి వచ్చెను. నవ్వు కుట్లకు తగిలి కోడలు "అమ్మా" యనగా, అత్త దిండు తెచ్చి ఆమె పొట్టకు ఆనించి, తన అరచేతితో అదిమి పట్టుకొనెను. అట్లు పట్టుకొనియే యుండగా జెన్సి మొదటి గుక్క త్రాగెను. చక్కెర ఎక్కువైనది. బాగున్నదనెను.

లోకులారా! గెలిచినది ఒక్క గాలి. దక్కినది అర గ్లాసు కాఫీ. దిక్కులదర జయభేరి మ్రోయుగాక! ఈ గాథను వినిన నిండుచూలాండ్రకు సుఖప్రసవమగుగాక; బాలింతలకు తెల్లవారకముందే వాయువిజయము కలుగుగాక; వినిన కోడండ్రకు సిగ్గు కొంత తగ్గుగాక; వినిన అత్తలు తమ పాత కథను కాస్త ముందుగా చెప్పుదురు గాక, కాఫీ వేడిగా నుండగానే.