బాతు లేని గొడుగులు

ఆ ఉదయం వదిన వేసుకున్న పథకం చాలా సులువైనది. ఆమె నీటిరంగులతో గీసిన ‘గొడుగు కింద బాతు’ బొమ్మకు ఇరవై నకళ్ళు అచ్చయి వచ్చాయి. ఒక్కొక్కదానికీ వెనక గట్టి అట్ట అతికించి, ముందు కిటికీ కోసిన తెల్ల అట్ట పెట్టి, కవరులో దూర్చి, పదకొండింటికల్లా గ్రంథాలయం హాల్లో అమ్మకానికి ఉంచాలి. అసలు బొమ్మను మాత్రం నాలుగింటికి గ్రంథాలయాధికారిణి తీసుకుని తమ గోడకు తగిలిస్తానంది. ముప్పై ఏళ్ళుగా వదిన బొమ్మలు సొంతింటి గోడ తప్ప మరో గోడ ఎక్కి ఎరగవు.

సాయానికి మరిది వచ్చాడు. తపాలా ఆఫీసులో పార్సిళ్ళు కట్టి కట్టి రిటైరైన మనిషి. ఆయన పుట్టినరోజుకి ఇచ్చిన కానుకను మరుసటి పుట్టినరోజుకి గానీ విప్పలేరని చుట్టాల్లో పేరు. ఆయన స్వయంగా కాచుకునే జిగురు మరీ ఘనమైనది. అంటుకుందంటే ఇక ఆ జన్మకి ఊడదు.

వదిన అటు స్నానానికి వెళ్ళిందో లేదో, జిగురు త్వరగా ఆరుతుందని మరిది ఫ్యాను వేశాడు. ఇరవై నకళ్ళూ, పక్క బల్ల మీదున్న అసలు బొమ్మా గది నిండా ఎగిరాయి. ఆయన కంగారుగా ఏరి, ఒకే దొంతరగా సర్ది, వరసపెట్టి అన్నిటినీ అట్టలకు అతికించేశాడు. లెక్క చూస్తే ఇరవై ఒకటి తేలాయి. అచ్చు వేసినవాడు ధర్మాత్ముడు, ఒకటి కొసరిచ్చాడని వదినకు చెప్పాడు. ఆమె సంతోషించింది. ఖాళీ బల్ల కంటపడేదాకా ఆ సంతోషం నిలిచింది.

“అసలు బొమ్మ ఏదయ్యా?”

“అన్నీ అసలు బొమ్మల్లాగే ఉన్నాయి వదినా. అచ్చు అంత బాగా వచ్చింది.”

వెనకవైపు చూసి పోల్చుకుందామంటే జిగురు పట్టు వదలదు. నీటిరంగుకు తడి తగిలితే చెదురుతుంది, అచ్చు చెదరదు అని వదినే ఉపాయం చెప్పింది. మరిది వేలు తడి చేసుకుని మొదటి బొమ్మలో బాతును రుద్దాడు. బాతు మీదే ఎందుకని ఆమె అడిగితే, గొడుగు పోతే బొమ్మ పోతుంది, బాతు పోతే బాతే కదా పోయేది అన్నాడు.

బాతు చెదిరింది. అసలు దొరికిందని ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు. ఎందుకైనా మంచిదని రెండోది రుద్దితే అదీ చెదిరింది. మూడోదీ అంతే. అచ్చు సిరా కూడా తడికి ఆగే రకం కాదని ఒప్పుకునేసరికి ఇరవై బాతులు ఇరవై బూడిద మరకలయ్యాయి. ఇరవై ఒకటోదాని దగ్గర వదిన ఆయన మణికట్టు పట్టుకుంది.

“ఆగవయ్యా. చెదిరినా మనకు తెలిసేదేమీ లేదు. ఉన్న ఒక్క బాతూ పోతుంది.”

టైము పదింపావు. మరకలు కనబడకుండా మరిది ఆ ఇరవై బొమ్మల కిటికీలకీ కింది అంచున వెడల్పాటి తెల్ల పట్టీ అతికించాడు. బాతులు మాయమయ్యాయి. కవర్ల మీద ‘గొడుగు కింద బాతు’ అన్న చీటీలు మాత్రం ముందే అంటించి ఉన్నాయి, ఆ జిగురుతోనే.

హాల్లో మొదట వచ్చిన పొడుగాటి పెద్దమనిషి చీటీ చదివి, బొమ్మంతా వెతికి, బాతు ఏదని అడిగాడు. మరిదికి చెమటలు పట్టాయి.

“వెళ్ళిపోయిందండీ.”

పెద్దమనిషి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. వాన వెలిసిందన్నమాట అని మెల్లగా గొణుక్కుని రెండు కొన్నాడు. తర్వాత వచ్చినావిడ, వెళ్ళిపోయిన బాతును తలుచుకుని కళ్ళొత్తుకుని మరీ కొంది. మాట హాలంతా పాకింది. మూడింటికల్లా బల్ల ఖాళీ. మంచినీళ్ళు తాగి వచ్చిన వదిన, బల్ల కింద దాచిన ఇరవై ఒకటోది కూడా లేకపోవడం చూసింది.

“అదీ అమ్మేశావా?”

“ఒక దర్జీ ఆవిడ వదినా. పాపం, ఎంతో ఆశగా అడిగింది.”

వదిన కుర్చీలో కూలబడింది. గ్రంథాలయాధికారిణికి ఏం చెప్పాలో ఎంత ఆలోచించినా ఒక్క అబద్ధమూ అతకలేదు. మరిది ఆమె వంక చూడలేక, నేల మీది తాడుముక్కలు ఏరుతూ కూర్చున్నాడు. నాలుగింటికి పది నిమిషాలుందనగా దర్జీ ఆవిడ విసవిసా తిరిగొచ్చింది. పొట్లాన్ని తన పెద్ద కత్తెరతో కోసి మరీ తెచ్చింది.

“మా పక్కింటావిడ కొన్నదాంట్లో బాతు లేదు, నా దాంట్లో ఉంది. పైగా దాని మెడ మీద వెంట్రుకొకటి అతుక్కుపోయి గోరుకు తగులుతోంది. ఇలాంటి లోపం సరుకు నాకొద్దు, మార్చివ్వండి.”

వదిన వేలితో బాతు మెడ తడిమింది. ఎండిన రంగులో ఇరుక్కున్నది ఆమె కుంచె వెంట్రుకే. మరిది తనకోసం చంకలో దాచుకున్న చివరి నకలును క్షమాపణలతో సహా ఆవిడ చేతిలో పెట్టాడు.

అసలు బొమ్మ ఆ సాయంత్రమే గ్రంథాలయం గోడ ఎక్కింది. చూసినవాళ్ళు మాత్రం, బొమ్మ బావుంది గానీ ఆ బాతును తర్వాతెవరో చేర్చి పాడుచేశారని అంటున్నారు.