స్పీడ్ బ్రేకర్ మీద ముగ్గు

నాగజ్యోతి ఆ రోజు పెందలాడే లేచింది. ముగ్గు వేసి, పాలు కాచి, మరిది త్రినాథ్ మిర్చియార్డుకు బయలుదేరేలోపు అన్నం క్యారేజీ సర్దాలన్నది ఆమె ఆలోచన. కాకపోతే ముగ్గు వేయవలసింది వాకిట్లో కాదు, ఊరి చివర స్పీడ్ బ్రేకర్ మీద.

నల్ల రోడ్డు మీద నల్ల దిబ్బలా, ఒక్క గీత కూడా లేకుండా ఉండేది అది. కిందటేడు ఆమె భర్త యలమంద పనికి పోతూ దాన్ని చూసుకోలేదు. మనిషి పోయాడు. తెల్లగీతలు వేయించమని ఆమె పంచాయతీ చుట్టూ తిరిగింది. "చూద్దాంలేమ్మా" అన్నారు. ఇప్పుడు అదే బండి మీద, అదే దారిలో త్రినాథ్ పోతున్నాడు. అతను మలుపు తిరిగేదాకా ఆమెకు ఊపిరి ఆడదు.

గేటుకు వేయగా మిగిలిన తెలుపు, పసుపు, ఎరుపు రంగులు పట్టుకుపోయింది. పొద్దున్నే వంగి ముగ్గు పెట్టే ఆడమనిషిని ఎవరూ ఆపి అడగరు. గీతలు వేద్దామనే కూర్చుంది. చేతికి గీతలు రాలేదు, మెలికలు వచ్చాయి.

మొదట వచ్చిన ట్రాక్టరు బుల్లయ్యది. సడన్ బ్రేకు వేసి దిగాడు.

"ఓరి నాయనో! పసుపూ కుంకం పెట్టారు. టైర్లతో ఎట్లా తొక్కేది?"

చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకుని, ట్రాక్టరును పక్కనున్న పత్తిచేలోంచి తిప్పాడు. వెనకాల ఆటోలు, లారీ అదే దారి పట్టాయి. ఎండ ఎక్కేసరికి బసవమ్మ కొబ్బరికాయ కొట్టింది. ఇంకొంచెం సేపటికి మైకు వచ్చింది. చేను గలాయన చెంచురామయ్య కేకలు వేస్తూ వచ్చాడు.

"ఎవడ్రా నా చేలో బండ్లు తోలింది? నేనేమన్నా బైపాస్ వేశానా?"

"అమ్మ వెలిసింది చెంచయ్యా!" అంది బసవమ్మ.

"వెలిస్తే రోడ్డు మీద వెలిసింది. మధ్యలో నా పత్తి ఏం చేసింది?"

నాగజ్యోతి ముందుకు వచ్చింది. "అది అమ్మవారు కాదు బాబాయ్. గేటు రంగు. నేనే వేశా. మీ యలమంద పడ్డ చోటు... ఇంకెవరూ పడకూడదని..."

మైకు ఆగిపోయింది. చెంచురామయ్య తలగుడ్డ తీశాడు. బసవమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అందరికీ అర్థమయిందనే అనుకుంది నాగజ్యోతి.

"చూశారా తల్లి మహిమ!" అంది బసవమ్మ. "ఊళ్లో ఇంతమంది ముత్తైదువలుండగా నీ చేత వేయించుకుంది! సరేగానీ, కాస్త అవతల నిలబడమ్మా. హారతి ఇస్తున్నాం. నీలాంటి వాళ్లు ఎదురుండకూడదు."

ఆమె అవతల నిలబడింది.

అమ్మవారిని తొక్కకూడదు, చెంచురామయ్య చేలోంచి పోకూడదు. పెద్దలు తలలు పట్టుకుని చివరికి జేసీబీని పిలిచారు. దిబ్బను తారుతో సహా పెకలించి, రోడ్డు పక్కన రేకుల పందిరి కింద కూర్చోబెట్టారు. గుంట పూడ్చి రోడ్డును నున్నగా చేశారు.

సాయంత్రం జనం పలచబడ్డాక నాగజ్యోతి వెళ్లింది. యలమంద పడ్డ చోటు ఎక్కడో పాదాలతో తడిమింది. తెలియలేదు. పందిరి కింద తన ముగ్గు కోసం చూసింది. నిజమైన పసుపూ కుంకుమల కింద ఒక్క మెలికా కనబడలేదు. అక్కడే కూలబడి ఏడ్చింది. మొక్కుకుంటోందనుకుని ఎవరూ ఓదార్చలేదు.

ఇంతలో త్రినాథ్ వచ్చాడు. బండి దాదాపు ఆపినంత పని చేసి, పందిరి వైపు తిరిగి దణ్ణంగా గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఏంది వదినా, ఇక్కడున్నావు?"

"ఊరికే. మెల్లగా వస్తున్నావా?"

"రాక? అమ్మవారు గదా!"

దిబ్బ ఉన్నన్నాళ్లూ ఆగని బండ్లన్నీ, అది లేని రోడ్డు మీద ఇప్పుడు నెమ్మదిస్తున్నాయి.